రోరిక్ వెతికిన శంభల, మన అమరావతి దిబ్బ

2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ దీక్షోత్సవం జరిపినప్పుడు గుంటూరు బస్టాండులో ఎటు చూసినా ముదురెరుపు బట్టల లామాలే. ఎక్కడి టిబెట్, ఎక్కడి కృష్ణ ఒడ్డు అని చాలామంది బుర్ర గోక్కున్నారు. సంగతేంటంటే, బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని హిమాలయాల అవతల ఎక్కడో దాగుందని చెప్పుకునే శంభల రాజ్యపు రాజు సుచంద్రుడికి బోధించింది ధాన్యకటకంలోనే, అంటే మన అమరావతిలోనే అని టిబెటన్ల నమ్మకం. చరిత్రకారులు ఒప్పుకోరు, ఆ గ్రంథాలు చాలా తర్వాతివంటారు. అది వేరే గొడవ.

ఆ శంభల పిచ్చి జీవితాంతం పట్టుకున్న చిత్రకారుడు ఒకడున్నాడు: నికొలస్ రోరిక్. 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టాడు. 1913లో పారిస్‌ని గగ్గోలు పెట్టించిన రష్యన్ సంగీతకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలేకి (నృత్య నాటకానికి) తెరలూ దుస్తులూ ఈయనవే. సొంత ఊళ్లో బౌద్ధాలయం కడుతుంటే ఆ కమిటీలోనూ ఉన్నాడు. 1923 చివర్లో ఇండియాకొచ్చి, 1925లో భార్య హెలెనాని, పెద్ద కొడుకు యూరీని వెంటేసుకుని లదాఖ్, సింకియాంగ్, ఆల్తాయ్, మంగోలియా తిరిగి టిబెట్‌లో అడుగుపెడితే, లాసా వాళ్లు ముందుకీ పోనివ్వలేదు, వెనక్కీ పోనివ్వలేదు. 1927-28 చలికాలం దాదాపు ఐదు నెలలు, ఎండాకాలపు గుడారాల్లో, ఆ మంచు మైదానంలోనే. వెంట తెచ్చుకున్న జంతువుల్లో చాలా భాగం చచ్చిపోయాయి, మనుషులూ పోయారు. దారిలో మాస్కో వెళ్లొచ్చాడు కాబట్టి బ్రిటిష్ వాళ్లకి ఈయన మీద ముందునుంచీ అనుమానమే.

బతికి బయటపడి 1928లో కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడ్డాడు, 1947లో అక్కడే పోయాడు. నాకైతే ఆయన ఆధ్యాత్మిక రాతలు కొరుకుడు పడవు, బొమ్మలే నమ్మబుద్ధేస్తుంది. టెంపెరా (గుడ్డుసొన లాంటి జిగురుతో కలిపే) రంగుల్లో పొరలు పొరలుగా నీలం కొండలు, వాటి ముందు ఎక్కడో ఓ మూల ఆవగింజంత మనిషి.

యూరీ టిబెటన్ పండితుడయ్యాడు. ఆయన ఇంగ్లీషు చేసిన టిబెటన్ చరిత్ర గ్రంథం ‘నీలి చరిత్ర’లో మన ధాన్యకటకం పేరు కనిపిస్తుంది. చిన్న కొడుకు స్వెతొస్లావ్ చిత్రకారుడు, విశాఖలో పుట్టిన దేవికారాణి భర్త.

ఇక మన వైపు నుంచి నగ్గర్ దాకా వెళ్లి రోరిక్‌ల ఇంట ఉండొచ్చినాయన సంజీవదేవ్. పసుపు యార్డు దుగ్గిరాలకి కూతవేటు దూరంలోని తుమ్మపూడి ఆయనది. తిరిగొచ్చాక ఆ పల్లెలోనే ఉండి బొమ్మలు వేస్తూ, కళ గురించి రాస్తూ, ఉత్తరాలతో ఎక్కడెక్కడివాళ్లతోనో స్నేహం నడిపాడు. అంటే అమరావతి నుంచి శంభలకి వెళ్లిందంటున్న ఆ కథని వెతుక్కుంటూ రష్యావాడు హిమాలయం ఎక్కితే, ఆయన్ని చూడ్డానికి అమరావతి పక్కవాడే వెళ్లాడన్నమాట.

మొన్న అమరావతిలో ఆటో అతను అమరేశ్వరుడి గుడి దగ్గర దింపేశాడు. స్తూపానికి పోనియ్యి బాబూ అంటే, ‘అక్కడేముంది సార్, దిబ్బ’ అన్నాడు. స్తూపం చెక్కడపు రాళ్లు చాలావరకు లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉంటే మరి అతను మాత్రం ఏమంటాడు!