మంచును కరిగించుకుని పూసే మొక్క

ఫిబ్రవరి చివర్లో అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చిత్తడి నేలల మీద ఇంకా మంచు ఉంటుంది. చెట్లకు చిగురు కూడా రాదు. అలాంటప్పుడు మంచులో అక్కడక్కడా గుండ్రటి గుంటలు పడి, వాటిలోంచి ముదురు ఎరుపు మచ్చలున్న దొప్పలు పైకి లేస్తాయి. అదే స్కంక్ క్యాబేజీ. దొప్ప లోపల బంతిలాంటి కాడ, దాని నిండా చిన్న చిన్న పూలు.

ఆ గుంట ఎండకు పడింది కాదు, మొక్క ఒంటి వేడికి పడింది. 1974లో రోజర్ నట్సన్ అనే శాస్త్రవేత్త దీన్ని కొలిచి చూశాడు. బయట గాలి మైనస్ 15 నుంచి ప్లస్ 10 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, పూల కాడ అంతకంటే 15 నుంచి 35 డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంది. అదీ ఒక పూట కాదు, కనీసం రెండు వారాలు. చలి పెరిగితే మొక్క శ్వాస వేగం పెంచుతుంది, తగ్గితే తగ్గిస్తుంది. అదే సైజు వెచ్చని రక్తపు జంతువు ఎంత ఆక్సిజన్ వాడుతుందో ఇదీ సుమారుగా అంతే వాడుతుంది. ఇంధనం నేలలోని దుంపలో దాచుకున్న పిండిపదార్థం. మామూలుగా కణం తన పనులకు దాచుకునే శక్తిలో పెద్ద భాగాన్ని ఇక్కడ వేరే దారి మళ్లించి నేరుగా వేడిగా ఖర్చు చేస్తుంది.

ఇంత ఖర్చు దేనికి? వేడికి పూల కుళ్లు వాసన బాగా వ్యాపిస్తుంది, తొలి ఈగలు దానికి వస్తాయి. మన కంద కూడా ఈ కుటుంబానిదే. అదీ పూసేటప్పుడు వేడెక్కి కుళ్లు కంపు కొడుతుంది, మన దగ్గర మంచు లేకపోయినా. కాబట్టి వేడి మొదట కంపు కోసమే వచ్చిందని, మంచులో తర్వాత అక్కరకొచ్చిందని నాకనిపిస్తుంది.

కెనడాలోని నోవాస్కోషియా నుంచి నార్త్ కరోలినా దాకా, పడమర మిన్నెసోటా దాకా స్కంక్ క్యాబేజీ పెరుగుతుంది. నేల మాత్రం ఎప్పుడూ తడిగా ఉండాలి: ఊటలు, వాగు ఒడ్లు, అడవిలో నీరు నిలిచే పల్లాలు. టెన్నెసీలో చాలా అరుదు, అక్కడ అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలో ఉంది. వేళ్లు ముడుచుకుంటూ మొక్కను కిందికి లాగుతుంటాయి కాబట్టి పాత మొక్కను పీకడం మహా కష్టం.

న్యూజెర్సీలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. మార్చిలో దగ్గర్లోని చిత్తడి అడవికి వెళ్తే కనిపించొచ్చు. పూల తర్వాత వచ్చే పెద్ద ఆకుల్ని చూసి క్యాబేజీ అనుకుని వండకండి. కందలో దురద పుట్టించే ఆక్సలేట్ స్ఫటికాలే ఇందులోనూ ఉన్నాయి, పచ్చి ఆకు నోట్లో పెడితే నోరంతా మండిపోతుంది.