1929 నాటి అప్పు 2021లో మళ్లీ వచ్చింది

డాలస్, హ్యూస్టన్, అట్లాంటా నగరాల్లోని అపార్ట్‌మెంట్ సముదాయాల్లో నలుగురితో కలిసి వాటాలు కొన్న తెలుగువారు చాలామంది ఉన్నారు. యాభై వేల డాలర్లో, లక్షో పెడితే చాలు. భవనం కొనడం, నడపడం, అద్దెలు వసూలు చేయడం అన్నీ నిర్వాహకుడే చూసుకుంటాడు. 2021లో ఈ జోరు బాగా సాగింది. వాటాదారులు భవనం ఫొటోలు చూశారు, ఈత కొలను చూశారు, అయిదేళ్లలో సొమ్ము ఎంతవుతుందో చెప్పే పట్టిక చూశారు. అప్పు షరతులు చదివినవారు తక్కువ. 2023 వచ్చేసరికి ఉత్తరాలు మొదలయ్యాయి: వడ్డీ పెరిగింది, ఇంకొంత సొమ్ము వేయండి, లేదంటే భవనం చేజారుతుంది. ఆ ఏప్రిల్‌లో హ్యూస్టన్‌లో ఒకే యాజమాన్యం కింద ఉన్న నాలుగు సముదాయాలు, 3,000కు పైగా ఇళ్లు, జప్తు వేలానికి పోయాయి.

వాటిని కొన్న అప్పు రెండు మూడేళ్ల గడువుది. వడ్డీ స్థిరంగా ఉండదు. నెలనెలా వడ్డీ మాత్రమే కడతారు. గడువు రాగానే మొత్తం అసలు ఒక్కసారిగా చెల్లించాలి, లేదా కొత్త అప్పు తెచ్చుకోవాలి. గడువు రాగానే అసలంతా ఒక్కసారిగా కట్టాల్సిన ఇలాంటి అప్పే 1929 తర్వాత అమెరికాను ముంచింది. అది మళ్లీ రాకూడదనే 1934లో ఒక చట్టం తెచ్చారు. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. దాని అండతో దొరికే రుణమూ ఉంది. అందుకే ఈ చరిత్ర వాటాదారులందరికీ తెలియాలని నా కోరిక.

1920ల్లో అమెరికాలో ఇంటి అప్పు అంటే సాధారణంగా మూడేళ్ల నుంచి అయిదేళ్లే. అసలు తీరేది కాదు, గడువుకల్లా తిరగరాసుకోవాల్సిందే. పెద్ద అపార్ట్‌మెంట్ భవనాలకైతే బాండ్లు అమ్మేవారు. షికాగోలో మొదలైన ఎస్.డబ్ల్యూ. స్ట్రాస్ సంస్థ గుమాస్తాలకూ ఉపాధ్యాయులకూ చిన్న మొత్తాల్లో ఆ బాండ్లు అమ్మింది. ఇన్ని దశాబ్దాల్లో మదుపు చేసిన ఒక్కరికీ నష్టం రాలేదని ప్రకటనల్లో చాటుకునేది. అద్దెలు పడిపోయాయి, బ్యాంకులు మూతపడ్డాయి, అప్పు తిరగరాసేవాడు లేకుండా పోయాడు. 1930ల మొదట్లో స్ట్రాస్ కుప్పకూలింది. 1933 నాటికి దేశంలో రోజుకు సుమారు వెయ్యి ఇళ్లు జప్తు అవుతున్నాయి.

1934 జూన్ 27న రూజ్వెల్ట్ జాతీయ గృహనిర్మాణ చట్టంపై సంతకం చేశారు. దానితో ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్‌హెచ్‌ఏ పుట్టింది. ఈ సంస్థ గురించి మనవాళ్లలో ఒక పొరపాటు అభిప్రాయం ఉంది, ప్రభుత్వం అప్పు ఇస్తుందని. అది అప్పు ఇవ్వదు. అప్పిచ్చేది ప్రైవేటు సంస్థే. ఆ అప్పు మునిగితే సంస్థకు సొమ్ము తిరిగి వస్తుందని ప్రభుత్వం బీమా చేస్తుంది. ప్రీమియం కట్టేది భవన యజమాని, రక్షణ అందేది రుణదాతకు. ఇది అన్యాయంలా కనిపిస్తుంది గానీ యజమానికి కలిగే మేలు వేరే దారిలో వస్తుంది. సొమ్ము పోదన్న ధైర్యం ఉంటేనే ఎవరైనా ముప్పై ఏళ్ల పైచిలుకు కాలానికి ఒకే వడ్డీకి అప్పిస్తారు. ఆ ధైర్యాన్నే యజమాని ప్రీమియంతో కొంటున్నాడు.

చట్టంలోని 207వ సెక్షన్ అద్దె భవనాలకు. దాని తొలి పెద్ద ఫలితం వాషింగ్టన్‌కు నది అవతల, వర్జీనియాలోని ఆర్లింగ్టన్‌లో ఉన్న కలోనియల్ విలేజ్. 1935లో గుస్తావ్ రింగ్ అనే బిల్డర్ కట్టించాడు. ఎర్ర ఇటుకతో తక్కువ ఎత్తు భవనాలు, వాటి మధ్య విశాలమైన పచ్చిక, చెట్లు. నేలనంతా ఇళ్లతో నింపి అద్దెలు పిండుకోవాలన్న తొందర ఆ కట్టడంలో కనిపించదు. సుదీర్ఘ కాలానికి తీరే అప్పు ఉన్నవాడు అలా కట్టగలడు. ఇళ్ల సంఖ్యకు ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చాయి. ఆ సముదాయం ఇప్పటికీ నిలిచే ఉంది.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాటవేయకూడదు. ఈ బీమా అందరికీ అందలేదు. నల్లజాతివారు ఉండే పేటలను ఎఫ్‌హెచ్‌ఏ ప్రమాదకరమైనవిగా లెక్కకట్టింది. వారికి ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు అన్న షరతులను దస్తావేజుల్లో పెట్టమని తన నియమావళిలోనే సిఫారసు చేసింది. అలాంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని సుప్రీంకోర్టు 1948లో తీర్పు చెప్పింది. 1962లో ఇలాంటి వివక్షను నిషేధిస్తూ కెనెడీ ఉత్తర్వు, 1968లో గృహ సమానత్వ చట్టం వచ్చేదాకా ప్రభుత్వ అండతో నిలిచిన ఈ హామీ ఎక్కువగా తెల్లజాతివారి హామీగానే నడిచింది. పోగొట్టుకున్న ఆ దశాబ్దాల ఆస్తిని ఏ ఉత్తర్వూ తిరిగి ఇవ్వలేదు.

రెండో మచ్చ డబ్బుకు సంబంధించింది. యుద్ధకాలపు కార్మికుల ఇళ్ల కోసం 1942లో 608వ సెక్షన్ తెచ్చారు. 1946లో యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం దాన్ని మళ్లీ తెరిచారు. ఇళ్లు త్వరగా లేవాలి, అందుకని అంచనా వ్యయంలో 90 శాతం అప్పుకు బీమా. లొసుగు ఆ 'అంచనా' అనే మాటలోనే ఉంది. పది లక్షల డాలర్లవుతుందని అంచనా చూపితే తొమ్మిది లక్షలు అప్పు వస్తుంది. ఎనిమిది లక్షల్లో కట్టేస్తే లక్ష జేబులో మిగులుతుంది, సొంత రూపాయి పెట్టకుండానే భవనమూ దక్కుతుంది. అద్దెను ఆ పెంచిన వ్యయం మీదే నిర్ణయించారు కనుక ఆ లక్షను కట్టింది అద్దెకున్నవాళ్లే. 1954లో ఇదంతా బయటపడింది. ఎఫ్‌హెచ్‌ఏ అధిపతి గై హాలిడే పదవి వదలాల్సి వచ్చింది. హోమర్ కేప్‌హార్ట్ అధ్యక్షతన సెనేట్ బ్యాంకింగ్ కమిటీ బిల్డర్లను వరసగా పిలిచి విచారించింది. బ్రూక్లిన్‌లో బీచ్ హేవెన్ అనే అపార్ట్‌మెంట్ సముదాయం కట్టిన ఫ్రెడ్ ట్రంప్ (డొనాల్డ్ ట్రంప్ తండ్రి) కూడా వారిలో ఒకరు. తాను చట్టం మీరలేదని ఆయన వాదించారు. చాలామంది బిల్డర్ల విషయంలో అది నిజమే కావచ్చు, తప్పు చట్టంలోనే ఉంది. అదే ఏడాది చట్టాన్ని దిద్దారు. భవనం పూర్తయ్యాక అసలు ఖర్చు లెక్కలు ధ్రువీకరించి ఇవ్వాలి, అప్పు అంతకు మించి ఉంటే కోత పడుతుంది. ఎఫ్‌హెచ్‌ఏ ఫైలు లావుగా ఉంటుందని, నెలల తరబడి సాగుతుందని ఇవాళ విసుక్కునేవారు ఈ సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఆ ఫైలులోని చాలా కాగితాలకు ఇలాంటి పూర్వకథ ఉంది.

1965లో ఎఫ్‌హెచ్‌ఏ కొత్త గృహ మంత్రిత్వ శాఖ, హడ్ కిందికి వచ్చింది. 1968లో జిన్నీ మే అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. బీమా ఉన్న అప్పులను పత్రాలుగా మార్చి పింఛను నిధుల వంటివాటికి అమ్మడానికి అది హామీ ఇస్తుంది. దీంతో రుణదాత ఆ అప్పును దశాబ్దాల పాటు తన దగ్గరే పెట్టుకోవాల్సిన అవసరం పోయింది. 1974 చట్టం 223(ఎఫ్) సెక్షన్‌తో అప్పటికే కట్టి ఉన్న భవనాల కొనుగోలుకూ, పాత అప్పు మార్పిడికీ తలుపు తెరిచింది. ఇవాళ మదుపుదారులకు ముఖ్యమైనవి రెండు: కొత్తగా కట్టేవారికి 221(డి)(4), నిర్మాణం ముగిశాక 40 ఏళ్ల దాకా, ఉన్న భవనాలకు 223(ఎఫ్), 35 ఏళ్ల దాకా. రెండింటిలోనూ వడ్డీ స్థిరం, అసలు పూర్తిగా తీరుతుంది, మోసం వంటివి లేనంతవరకు రుణదాత యజమాని సొంత ఆస్తి జోలికి రాడు. 1980లలో రుణదాతలు నష్టంలో కొంత భరిస్తే చాలు, పరిశీలన వారే చేసుకోవచ్చని ఒక పథకం పెట్టారు. పరిశీలన సడలింది, భారీ నష్టాలొచ్చాయి, 1990లో దాన్ని ఎత్తేశారు.

మరి 2021లో ఇంత మంచి అప్పు ఉండగా జనం ఎందుకు వద్దనుకున్నారు? ఒక లెక్క వేసి చూద్దాం. వంద ఇళ్ల భవనం, కోటి డాలర్ల అప్పు. 4 శాతం స్థిర వడ్డీతో 35 ఏళ్లకు తీసుకుంటే ఏటా కట్టేది సుమారు 5,31,000. బీమా ప్రీమియం అప్పట్లో ఏటా 0.6 శాతం, అంటే మొదట్లో సుమారు మరో 60,000. అదే 3.5 శాతం వద్ద మొదలై మారుతూ పోయే చర వడ్డీ అప్పయితే వడ్డీ మాత్రమే, 3,50,000. తేడా ఏటా రెండు లక్షల నలభై వేలు. వాటాదారుల పట్టికలో లాభంగా కనిపించింది ఈ సొమ్మే. పైగా ఎఫ్‌హెచ్‌ఏకు నెలలు పడుతుంది, అమ్మేవాడు అన్నాళ్లు ఆగడు.

2022 మార్చిలో సున్నాకు దగ్గరగా ఉన్న ఫెడ్ (అమెరికా కేంద్ర బ్యాంకు) వడ్డీ రేటు 2023 జూలైకి 5.25–5.5 శాతానికి చేరింది. దాని వెంటే మన లెక్కలోని 3.5 శాతం చర వడ్డీ 8.5 దాకా పెరిగింది. వడ్డీ 3,50,000 నుంచి 8,50,000. పెరిగిన అయిదు లక్షలను వంద ఇళ్లకు పంచితే ఇంటికి నెలకు 417 డాలర్లు. అద్దె అంత పెంచితే ఇళ్లు ఖాళీ అవుతాయి. పెంచకపోతే మరమ్మతులు ఆగుతాయి. చాలాచోట్ల ఆగినవి మరమ్మతులే. వాటాలు కొన్నవారి నష్టం గురించి మనలో మాట్లాడుకుంటాం. వేసవిలో ఏసీ బాగుచేయించేవారు లేక ఆ ఇళ్లలో ఉన్నవారు పడ్డ బాధ మన మాటల్లోకి రాదు.

అప్పుడు చాలామంది నిర్వాహకులు ఎఫ్‌హెచ్‌ఏ వైపు చూశారు. అయితే 223(ఎఫ్) కింద భవనం నికర ఆదాయం వాయిదా కంటే అప్పట్లో సాధారణంగా 15 నుంచి 20 శాతం ఎక్కువ ఉండాల్సి వచ్చేది, అప్పు పరిమాణం ఆ లెక్కలోంచే తేలేది. వడ్డీలు పెరిగి, భవనాల విలువ తగ్గిన ఆ రోజుల్లో కోటి డాలర్ల పాత అప్పు స్థానంలో డెబ్బై ఎనభై లక్షలకు మించి రాలేదనుకోండి, మిగతా ఇరవై ముప్పై లక్షలు ఎవరో నగదుగా తేవాలి. వాటాదారుల ఇళ్లకు వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అడిగింది ఆ సొమ్మునే.