ఖరక్ సింగ్ తలుపు నుంచి మన ఫోన్ దాకా

అర్ధరాత్రి చౌకీదారు, కానిస్టేబుళ్లు వచ్చి తలుపు బాదేవాళ్లు. కేకలు వేసి నిద్ర లేపేవాళ్లు. ఊరు దాటి ఎక్కడికైనా వెళ్లాలంటే ముందు చౌకీదారుకు చెప్పి వెళ్లాలి. ఉత్తరప్రదేశ్‌కు చెందిన ఖరక్ సింగ్ ఇలాగే బతకాల్సి వచ్చింది. 1941లో ఆయన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకుని, సాక్ష్యం లేక వదిలేశారు. అయినా ఆయన పేరు మీద పోలీసులు హిస్టరీ షీట్, అంటే నిఘా పెట్టాల్సినవాళ్ల రికార్డు, తెరిచారు. నేరం రుజువు కాలేదు, నిఘా మాత్రం పోలేదు.

ఇంటర్నెట్‌లో మన వివరాలు ఎవరు తీసుకుంటున్నారు, ఎందుకు తీసుకుంటున్నారు అని ఇవాళ జరుగుతున్న గొడవకు మూలం వెతికితే, మన దేశంలో నాకు కనిపించేది ఈ తలుపే.

ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబర్‌లో ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. రాత్రిళ్లు ఇంటి మీదికి రావడం తప్పని ఆరుగురూ అన్నారు. కానీ మిగతా నిఘాను నలుగురు సమర్థించారు. గోప్యత మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని రాశారు. జస్టిస్ జె.సి. షాతో కలిసి ఆ మాటను కాదన్నది కోకా సుబ్బారావు గారు. రాజమండ్రి మనిషి, ఆంధ్ర హైకోర్టు తొలి ప్రధాన న్యాయమూర్తి. రాజ్యాంగంలో ఆ మాట విడిగా రాసి లేకపోవచ్చు గానీ, గోప్యత లేకపోతే వ్యక్తి స్వేచ్ఛే లేదన్నారాయన. పోలీసు చూపు వెంటాడుతుంటే ఆ మనిషి నడవగలడేమో గానీ స్వేచ్ఛగా నడవలేడని, అలాంటివాడికి దేశమంతా జైలేనని రాశారు. ఒంటి మీద చెయ్యి పడకపోయినా మనసుకు సంకెళ్లు పడతాయని అప్పట్లోనే గుర్తించిన తీర్పు అది. ఫోన్‌లో ఏదైనా వెతకబోతూ ఒక్క క్షణం తటపటాయించిన ప్రతిసారీ నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

అయితే అది మైనారిటీ తీర్పు. చట్టమై నిలిచింది ఆ నలుగురి మాటే.

2010 సెప్టెంబర్‌లో మహారాష్ట్రలోని తెంభ్లీ గ్రామంలో తొలి ఆధార్ నంబర్ ఇచ్చారు. వేలిముద్రలు, కనుపాపల గుర్తులు ఒకచోట పోగుపడుతుంటే, 2012లో కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. అప్పటికి ఆయన వయసు ఎనభై దాటింది. 2015లో కేంద్రం ఏం వాదించిందంటే, గోప్యత అసలు ప్రాథమిక హక్కే కాదని. ఆధారంగా చూపించిన తీర్పుల్లో ఖరక్ సింగ్ కేసూ ఉంది. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన జస్టిస్ చలమేశ్వర్ నేతృత్వంలోని ధర్మాసనం ఈ ప్రశ్నను ఇంకా పెద్ద ధర్మాసనానికి పంపింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. సుబ్బారావు గారి మాట నెగ్గడానికి 55 ఏళ్లు పట్టింది. చూడడానికి ఆయన లేరు.

హక్కు కాగితం మీదికి వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి దాని అవసరం ఎంతటిదో హైదరాబాద్ చూసింది. 2020లో లాక్‌డౌన్‌తో జీతాలు ఆగినవాళ్లు లోన్ యాప్‌ల వైపు వెళ్లారు. డౌన్‌లోడ్ చేయగానే కాంటాక్ట్స్, ఫొటోలు చూడనివ్వమని యాప్ అడుగుతుంది. అలౌ నొక్కితేనే అప్పు. ఇంట్లో బియ్యం నిండుకున్నవాడు అక్కడ ఆలోచిస్తాడా? కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే చాలు, ఆ కాంటాక్ట్స్‌లో ఉన్న మేనమామకు, ఆఫీసు బాస్‌కు, ఆడపడుచు అత్తగారికి ఫోన్లు. ఫొటో మీద దొంగ అని రాసి వాట్సాప్‌లో పంపడం. పరువు పోయిందని ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ప్రైవసీ డబ్బున్నోళ్ల గోల అనేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ఆ ఏడాది ఇంటిగుట్టు బజారున పడింది చిన్న జీతగాళ్లదే. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్ట్స్, కాల్ వివరాలు ముట్టుకోకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022 సెప్టెంబర్‌లో ఆదేశించింది. అప్పటికే చాలా ఆలస్యమైంది.

మన సమాచారాన్ని కాపాడాల్సిన అసలు చట్టం మరీ నత్తనడక నడిచింది. ఆ చట్టం ఎలా ఉండాలో చెప్పడానికి వేసిన జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో నివేదిక ఇచ్చింది. 2019లో బిల్లు పెట్టి, 2022లో వెనక్కి తీసుకుని, చివరికి 2023 ఆగస్టులో ఇంకోటి పాస్ చేశారు. మన సమాచారాన్ని భద్రంగా ఉంచని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. మంచిదే. కానీ దేశ భద్రత, శాంతిభద్రతల లాంటి కారణాలతో కేంద్రం తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థను ఈ చట్టం నుంచి మినహాయించుకోవచ్చు. ఆనాడు ఖరక్ సింగ్ తలుపు బాదింది ఏ కంపెనీ మనుషులూ కాదు, పోలీసులు. అందుకే ఈ మినహాయింపు నాకు మింగుడు పడదు.

ఈ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి అక్కడి నుంచి 18 నెలల గడువిచ్చారు. బిల్లు కోసం ఫోన్ నంబర్ ఇవ్వాల్సిందేనని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణాలకు చెప్పింది. మా వీధి చివర మందుల షాపులో ఇప్పటికీ షుగర్ మాత్రలు చేతికివ్వకముందే నంబర్ అడుగుతారు. "నంబర్ లేకుండా బిల్లు కొట్టమ్మా" అంటాను. కౌంటర్లో అమ్మాయి కొన్నిసార్లు సరేనంటుంది. కొన్నిసార్లు, "కంప్యూటర్ తీసుకోవట్లేదు అంకుల్" అని తన నంబరే కొట్టేస్తుంది.