ఎకరం యాసంగి వరికి ఎన్ని ఎకరాల వాన?

గచ్చిబౌలి వైపు ఏ అపార్ట్‌మెంటుకో సెల్లార్ తవ్వుతుంటే ఆగి గోతిలోకి చూడండి. పైన ఎర్రమట్టి, దాని కింద మొరం (బండే చివికి గుల్లబారిన పొర), ఆ కింద గట్టి బండ. శంకర్‌పల్లి చెలకల కిందా, మహేశ్వరం పొలాల కిందా దాదాపు ఇదే వరస. నీళ్లు ఎక్కువగా నిలిచేది ఆ మొరంలోనే. బండలో ఉంటే గింటే పగుళ్లలో ఉంటాయి. అందుకే ఒకరి బోరులో రెండించుల నీళ్లు పడితే, గెట్టు పక్కనే వేసిన బోరు బూడిద రంగు దుమ్ము తప్ప ఏమీ ఎగజిమ్మదు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లకు ఇప్పటికీ గిరాకీ ఉందంటే ఈ పగుళ్ల పుణ్యమే.

ఇక లెక్కలోకి వద్దాం. హైదరాబాద్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు పడితే దాదాపు 4,000 లీటర్లు. అంటే ఎకరానికి 32 లక్షల లీటర్లు! కానీ అందులో చాలా భాగం ఆవిరైపోతుంది, కొంత వాగుల్లో పోతుంది. ఇలాంటి నేలలో భూగర్భానికి చేరేది మహా అయితే పదో వంతు, 80 మిల్లీమీటర్లు. యాసంగి వరికేమో 1,200 దాకా పెట్టాలి. ఒక ఎకరం నాటుకు పదిహేను ఎకరాల ఊట కావాలన్నమాట. పెట్టినదాంట్లో సగం మళ్లీ భూమిలోకే దిగుతుందనుకున్నా ఏడెనిమిది ఎకరాలది. ఊళ్లో అందరూ నాటు వేస్తే ఆ ఎకరాలు ఎక్కడివి?

చెక్‌డ్యాములు, చెరువుల్లో పూడికతీత భూమిలోకి ఇంకే నీటిని పెంచుతాయి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో మొదలుపెట్టిన వాటర్‌షెడ్ (వాననీటిని ఎక్కడికక్కడ ఆపి ఇంకించే) పనులతో అక్కడి బావుల్లో నీళ్లు పెరిగాయి. అయితే పెరిగిన నీటిని తోడేయడానికి మోటరుకు ఎంతసేపు పడుతుంది? 2018 జనవరి నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. ఆటో స్టార్టర్ ఉంటే రైతు నిద్రలో ఉన్నా మోటరు దానంతటదే ఆన్ అవుతుంది. డ్రిప్ పెట్టినా అంతే, మిగిలిన నీళ్లతో ఇంకో అరెకరం వేస్తారు. తప్పేముంది, ఎవరైనా అదే చేస్తారు.

నాకు అన్నింటికంటే నచ్చింది 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మహబూబ్‌నగర్, నల్లగొండ సహా ఏడు కరువు జిల్లాల్లో జరిగిన ప్రయత్నం. రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు. వానాకాలం అయిపోగానే, యాసంగికి ముందు, ఊరంతా కూర్చుని ఎంత నీరుందో, ఏ పంటకు ఎంత పడుతుందో కూడికలు, తీసివేతలు చేశారు. వరి వేయొద్దని ఎవరినీ కట్టడి చేయలేదు. అయినా చాలాచోట్ల వరి తగ్గింది, తక్కువ తడులతో పండే పంటలు పెరిగాయి.