‘ఒక ఇంజెక్షన్ వేయించాం కదండీ!’ – కుక్కపిల్లల విషయంలో అపోహలు, వాస్తవాలు

నెల కిందట ఓ ఆదివారం పొద్దున క్లినిక్ షట్టర్ సగం ఎత్తానో లేదో, మెట్ల మీద కూర్చున్న తల్లీకొడుకులు లేచి నిలబడ్డారు. పదమూడేళ్ళ కుర్రాడి చేతుల్లో, తువ్వాల్లో చుట్టిన లాబ్రడార్ పిల్ల. తువ్వాలు విప్పకముందే వాసన కొట్టింది. మా పనిలో ఉన్నవాళ్ళకి పార్వో అనే వైరస్ జబ్బుకి వచ్చే ఆ నెత్తుటి విరేచనం వాసన ఒక్కసారి ముక్కుకి తగిలితే ఇక మరిచిపోవడం ఉండదు.

నేనింకా ఏమీ అడగనే లేదు. "పార్వో మాత్రం కాదులెండి డాక్టరమ్మా, ఇంజెక్షన్ వేయించేశాం" అంటూ ఆవిడే టీకాల కార్డు నా చేతిలో పెట్టింది.

వారం తిరిగేలోపు కనీసం మూడుసార్లైనా వింటాను ఈ మాట. అందుకే ఈ పోస్టులో ఎక్కువ భాగం దీని మీదే. మిగతావి గబగబా చెప్పేస్తాను, ఏమీ అనుకోకండి.

అపోహ: ఒక టీకా పడింది, ఇక పార్వో రాదు.

ఆ కార్డులో ఒక్క గడే నిండి ఉంది. నీలం బాల్ పెన్నుతో తేదీ, పక్కన సంతకం లాంటి గీత. స్టిక్కర్ లేదు. టీకా సీసా మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న చిన్న లేబుల్ ఉంటుంది. దాన్ని ఒలిచి కార్డు మీద అంటించి, పక్కన డాక్టరు సంతకం, ముద్ర వేస్తాం. ఆ లేబుల్ లేని గడిని నేను లెక్కలోకి తీసుకోను. నిజంగా వేశారో లేదో తెలియదు, వేసినా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచిన మందో, బండి డిక్కీలో తిరిగిన మందో తెలియదు.

ఇక వయసు. కొని పద్దెనిమిది రోజులైందట, కొన్నప్పుడు 45 రోజుల పిల్ల అని చెప్పారట. ఆ లెక్కన తొమ్మిది వారాలు. నోరు తెరిచి చూస్తే వెనక దవడ పాలపళ్ళు ఇంకా సగం సగమే పైకొచ్చాయి. ఆరు వారాలకి మించి ఒక్క రోజు కూడా లేదు. అంటే తల్లి దగ్గర్నుంచి లాక్కొచ్చేనాటికి నెల కూడా నిండలేదన్నమాట. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని మన దేశంలో 2017 నుంచి నియమం ఉంది. అమ్మేవాళ్ళకి తెలుసు, కొనేవాళ్ళకే తెలియదు. "ఎంత చిన్నదైతే అంత మాలిమి అవుతుంది" అని చెప్పి అంటగడతారు. నిజానికి అంత చిన్నప్పుడే విడదీసిన పిల్లకి ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్ళకి నొప్పి పుడుతుందో తోబుట్టువులతో ఆడుతూ నేర్చుకునే అవకాశమే పోతుంది.

సరే, ఆ ఇంజెక్షన్ నిజంగానే వేశారనుకుందాం. అయినా ఎందుకు పనిచేయలేదు?

పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి యాంటీబాడీలు (వైరస్‌ని పట్టి అడ్డుకునే ప్రొటీన్లు) పిల్లకి వస్తాయి. అవి అరువు సొమ్ము, సుమారు పది రోజులకోసారి సగం చొప్పున కరిగిపోతూ ఉంటాయి. మెలికంతా ఇక్కడే ఉంది. టీకాలో ఉండేది కూడా పార్వో వైరసే, కాకపోతే కోరలు పీకింది. వీధిలోంచి వచ్చిన వైరస్ ఏదో, సూదిలోంచి వచ్చింది ఏదో తల్లి యాంటీబాడీలకి తేడా తెలియదు. రెండింటినీ పట్టుకు నొక్కేస్తాయి. దాంతో టీకా వచ్చిన సంగతే పిల్ల ఒంటికి తెలియదు, సొంతంగా ఏమీ తయారుచేసుకోదు. అరువు సొమ్ము కరిగేకొద్దీ ఒక దశ వస్తుంది. అప్పుడు ఉన్న యాంటీబాడీలు టీకాని అడ్డుకోవడానికి సరిపోతాయి కానీ అసలు వైరస్‌ని ఆపడానికి చాలవు. ఆ రెండు మూడు వారాలే గండం. ఏ పిల్లకి ఎప్పుడొస్తుందో చూసి చెప్పలేం. ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో కూడా, ముందు చేరి కడుపునిండా తాగినదానిదొక లెక్క, వెనకబడ్డ బక్కదానిదొక లెక్క.

అందుకే 6–8 వారాలప్పుడు మొదలుపెట్టి, 3–4 వారాలకొకటి చొప్పున వేసుకుంటూ పోయి, చివరి డోసు 16 వారాలు నిండాక వేస్తాం. రెండోదాన్నీ మూడోదాన్నీ ‘బూస్టర్’ అనడం మా వాళ్ళు చేసిన తప్పేనేమో అనిపిస్తుంది నాకు. బూస్టర్ అంటే జనానికి బలం మందులా వినిపిస్తోంది, వేయించకపోయినా ఏం కాదులే అనుకుంటున్నారు. అసలు సంగతి, ముందు వేసింది పట్టి ఉండకపోవచ్చు కాబట్టి మళ్ళీ వేస్తున్నాం. ఆ 16 వారాల డోసు ఒక్కటి ఎగ్గొడితే ముందు వేసినవన్నీ గాల్లో దీపమే. ఏడాదికి మళ్ళీ ఒకటి ఉంటుంది, అది బూస్టర్.

అపోహ: పళ్ళు వస్తున్నాయి, అందుకే వాంతులు. రెండ్రోజులు చూద్దాం.

ఈ రెండ్రోజులే ప్రాణం తీసేది.

నా దగ్గరికొచ్చే ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారని పిల్లలు ఓ స్పిట్జ్ పిల్లని తెచ్చిచ్చారు. అది పొద్దున్నుంచీ తినలేదు, సాయంత్రానికి నురగ వాంతి చేసుకుంది. పక్కింటివాళ్ళు దిష్టి అన్నారు. ఇంకొకరు నట్టలన్నారు. మాస్టారు పాపం రాత్రంతా మేలుకుని చెంచాతో కొబ్బరి నీళ్ళు పట్టారు, అది తాగినదంతా కక్కేసింది. మర్నాడు మెడికల్ షాపులో అడిగి మనుషులకిచ్చే విరేచనాల మాత్ర సగం వేశారు. మూడో రోజు నా బల్ల మీద పెట్టేసరికి చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి, పాదాలు చల్లబడ్డాయి. సన్నటి పసుపు క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సూది గొట్టం) కూడా ముందరి కాలి నరంలోకి దూరలేదు. అర్ధరాత్రి దాటాక పోయింది. "నేనే చంపుకున్నానా తల్లీ?" అని అడిగారాయన. కాదనే చెప్పాను. ఆయన చేసినదంతా ప్రేమతోనే చేశారు, చెప్పినవాళ్ళే తప్పు చెప్పారు.

పార్వో వైరస్ పేగు లోపలి పొరనీ, ఎముక మజ్జనీ దెబ్బతీస్తుంది. పొర ఊడిపోయిన పేగులోకి నోటి ద్వారా ఏం పోసినా నిలవదు. పైగా వాంతులవుతున్న పిల్లకి బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మజ్జ దెబ్బతినడంతో తెల్లకణాలు పడిపోతాయి, పేగులోని సూక్ష్మజీవులు నెత్తుట్లోకి చేరతాయి. వైరస్‌ని చంపే మందంటూ చేతిలో లేదు. సెలైన్ ఎక్కించి నీరు పోకుండా నిలబెట్టడం, వాంతులు ఆపడం, యాంటీబయాటిక్స్ ఇవ్వడం, ఆ పొర మళ్ళీ అల్లుకునేదాకా పిల్లని బతికించి ఉంచడం, వైద్యమంటే అంతే. ఇవేవీ లేకపోతే చాలావరకు చనిపోతాయి. తొలి రోజే మొదలుపెడితే ఎక్కువ శాతం లేచి తిరుగుతాయి. అంతకుమించి రహస్యమేమీ లేదు.

కాబట్టి టీకాలు పూర్తికాని పిల్ల తిండి మానేసి, రెండుసార్లు వాంతి చేసుకుని, మూల చేరి ముడుచుకుంటే ఆ పూటే తీసుకురండి. నెత్తురు పడేదాకా ఆగొద్దు. తీరా అది మామూలు అజీర్ణమే అయితే నేను నవ్వను, తిట్టను. అనవసరంగా భయపడి వచ్చినవాళ్ళంటే నాకు చాలా ఇష్టం. ఖర్చు సంగతంటారా, మూడు డోసులకీ కలిపి అయ్యేది పార్వో వైద్యానికయ్యే ఖర్చుకంటే చాలా తక్కువ.

మాస్టారి కథ అక్కడితో అయిపోలేదు. మూడు వారాల తర్వాత కూతురు ఇంకో పిల్లని తెచ్చింది. వారం తిరక్కుండానే దానికీ అదే వాసన. "మూడుసార్లు ఫినాయిల్‌తో కడిగించానమ్మా" అన్నారాయన. ఆ తప్పు మాత్రం నాది. ‘ఇల్లు బాగా శుభ్రం చేయించండి’ అని చెప్పి పంపాను తప్ప దేంతో చేయించాలో చెప్పలేదు.

ఫినాయిల్‌కి, డెట్టాల్‌కి పార్వో చావదు. నెలల తరబడి నేలలో బతికే ఉంటుంది. ముందు సబ్బు నీళ్ళతో మురికంతా కడగాలి, ఎందుకంటే మురికి మీద బ్లీచ్ పనిచేయదు. తర్వాత ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, పది నిమిషాలు తడిగా ఉండేలా పోసి వదిలేయాలి. బాత్రూం యాసిడ్‌తో మాత్రం కలపకండి, విషవాయువు పుడుతుంది. మట్టి పెరడైతే ఏం చేసినా నమ్మకం లేదు. ఆ ఇంటికి ఏడాదిదాకా డోసులన్నీ పూర్తయిన కుక్కే రావాలి. ఇప్పుడిదంతా చీటీ మీద రాసిచ్చే పంపుతున్నాను. కుక్కల పార్వో మనుషులకి అంటదని కూడా అందులోనే రాస్తాను, గర్భిణులున్న ఇళ్ళలో ఆ భయంతోనే పిల్లని బయటికి నెట్టేస్తున్నారు కాబట్టి.

ఇదంతా చదివి భయపడి, నాలుగు నెలలదాకా పిల్లని గదిలో బంధించేవాళ్ళూ ఉన్నారు. అదీ తప్పే. 3 నుంచి 14 వారాల వయసులో చూసినవే దానికి జీవితాంతం మామూలుగా అనిపిస్తాయి. ఎత్తుకుని తిప్పండి. బండి శబ్దం, గుడి గంట, గొడుగు, గడ్డం ఉన్న తాతగారు, అన్నీ చూపించండి. నేల మీద మాత్రం దించకండి.

ఇక మిగతావి, రోజూ వినేవి.

ముక్కు పొడిగా ఉంటే జ్వరం కాదు, నిద్ర లేచిన ప్రతి కుక్క ముక్కూ పొడిగానే ఉంటుంది. వాటి మామూలు వేడే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్, మీ చేతికి కాలినట్టు తగలడం సహజం. ఆ ‘జ్వరానికి’ పారాసిటమాల్ వేయకండి. పిల్లికి ఒక్క మాత్ర చాలు చావడానికి, కుక్కకి కూడా లివర్ దెబ్బతింటుంది. ఒళ్ళు నొప్పుల మాత్రలు ఇంకా ఘోరం.

బెల్లం తింటే నట్టలు రావు. తల్లి కడుపులో ఉండగానే పిల్లలోకి చేరతాయి, అందుకే రెండు వారాల వయసు నుంచే మందు పట్టాలి. వెల్లుల్లి నట్టల మందు కాదు. ఉల్లి, వెల్లుల్లి రెండూ ఎర్రకణాలని పగలగొడతాయి.

గజ్జికి కాలిన ఇంజన్ ఆయిల్ రాసే పెద్దమనుషులకి దండం. అది నాకుతుందండీ! గోమార్లకి కిరసనాయిల్ కూడా అంతే. పైగా కుక్క మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్ళలో గుడ్లు పెట్టుకుని ఉంటాయి. ఇల్లు వదిలేసి కుక్కకొక్కదానికే మందు వేస్తే నెలకల్లా మళ్ళీ మొదలు.

గేదె పాలు చాలా పిల్లలకి పడవు. సెరిలాక్ మనుషుల బిడ్డలకి, కుక్కపిల్లలకి కాదు. పెరుగన్నం తప్పు కాదు కానీ అదొక్కటే పెడితే ఎముకలు వంకర పోతాయి. గుడ్డైనా ఉడకబెట్టి కలపండి. ఉడికించిన కోడి ఎముకలు వద్దు, చీలికలై గుచ్చుకుంటాయి.

ఆడకుక్క ఆపరేషన్‌కి ముందు ఒక్కసారైనా పిల్లల్ని పెట్టాలన్నది వట్టి మాట. ఆపరేషన్ చేయించనివాటిలో వయసు మీద పడ్డాక గర్భసంచిలో చీము పట్టి, అర్ధరాత్రి అత్యవసరంగా కోయాల్సి వచ్చినవి నేనెన్నో చూశాను.

చివరిదొకటి, తొందరపడకుండా చదవండి. ‘ఇంత చిన్న పిల్ల కరిస్తే రేబిస్ రాదు’ అంటారు. వస్తుంది. తల్లిని పిచ్చికుక్క కరిచినా, పిల్లనే కరిచినా ఆ పిల్లకీ రావచ్చు. వచ్చాక మందు లేదు. కుక్కకి టీకా మూడు నెలలకి గానీ వేయం, అప్పటిదాకా దానికి రక్షణ లేనట్టే. పంటి గాటు పడితే పసుపు, కారం, సున్నం జోలికి పోకుండా పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు పొడుస్తారన్న భయం ఇంకా పోలేదు జనానికి. ఆ పాత మందు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు చేతికే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా 0 (మొదటి డోసు రోజు), 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నెత్తురొచ్చేలా దిగితే గాయంలోకి ఇమ్యూనోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా కావాలి.

ఆ ఆదివారం కుర్రాడి చేతులు చూశాను. మణికట్టు దాకా సన్నటి గాట్లు, రెండు చోట్ల పెచ్చు కట్టి ఉన్నాయి. "ఆడుకుంటూ కొరికింది ఆంటీ, పాలపళ్ళే" అన్నాడు. పిల్ల బతుకుతుందో లేదో తెలియదు, దానికి ముందు ఎక్కడ ఏమైందో తెలియదు. ఎదురుచూసే పరిస్థితి కాదు. సెలైన్ పెట్టి, వాళ్ళమ్మకి చీటీ రాసిచ్చి, ముందు వాణ్ణి పెద్దాసుపత్రికి పంపించాను.

పిల్ల ఐదో రోజుకి గంజి తాగింది. పార్వో నుంచి బయటపడ్డా డిస్టెంపర్ (కుక్కలకొచ్చే ఇంకో ప్రాణాంతక వైరస్ జబ్బు), మిగతావాటికి టీకాలు తప్పవు కాబట్టి, బాగా కోలుకున్నాక తీసుకురమ్మన్నాను. ఈ వారం వచ్చారు. కార్డులో మొదటి స్టిక్కర్ వాడి చేతే అంటింపించాను, వంకరగా అంటించాడు. ముందురోజే వాడి నాలుగో డోసు కూడా అయిపోయిందట.

"దీనికింకా ఒకటే అయింది, నాకేమో నాలుగు" అని చొక్కా చెయ్యి మడిచి చూపించాడు.