తీగ ఎంత పొడవైతే అంత ముప్పు

1962 జులై 8, హవాయిలో రాత్రి 11 గంటలు. పసిఫిక్ మహాసముద్రంలోని జాన్‌స్టన్ దీవికి 400 కిలోమీటర్ల ఎత్తున అమెరికా ఒక హైడ్రోజన్ బాంబు పేల్చింది. బలం 14 లక్షల టన్నుల టీఎన్‌టీ అనే పేలుడు పదార్థానికి సమానం, పరీక్ష పేరు స్టార్‌ఫిష్ ప్రైమ్. దాదాపు 1,450 కిలోమీటర్ల అవతల ఉన్న హొనొలులులో ఆకాశం రంగులు మారింది. వేడి తగల్లేదు, అద్దాలు పగల్లేదు. కానీ సుమారు 300 వీధి దీపాలు ఆరిపోయాయి. దొంగల కోసం పెట్టిన అలారాలు వాటంతటవే మోగాయి.

ఆ దీపాల సంగతి తర్వాత తీరిగ్గా పరిశీలించారు. ఊళ్లో మిగతా దీపాలు బాగానే వెలిగాయి. ఆరినవన్నీ పాత పద్ధతిలో, ఒకే పొడవాటి తీగ మీద సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కట్టినవి. ఈ చిన్న వివరంలోనే అసలు విషయమంతా ఉంది.

బాంబు నుంచి దూసుకొచ్చే గామా కిరణాలు కింద గాలి చిక్కబడే చోట అణువుల్ని ఢీకొని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. కాంతివేగానికి దగ్గరగా పరుగెత్తే ఆ ఎలక్ట్రాన్లను భూమి అయస్కాంత క్షేత్రం పక్కకి తిప్పుతుంది. కోటానుకోట్ల ఎలక్ట్రాన్లు ఒకేసారి మలుపు తిరిగితే పుట్టేది బ్రహ్మాండమైన రేడియో తరంగం. దాన్నే విద్యుదయస్కాంత స్పందన, పొట్టిగా ఈఎంపీ అంటున్నాం. దాని దృష్టిలో కరెంటు తీగ, టెలిఫోన్ తీగ, కంచె, అన్నీ యాంటెనాలే. యాంటెనా ఎంత పొడవైతే అంత ఎక్కువ పట్టుకుంటుంది.

అదే ఏడాది అక్టోబర్ 22న సోవియట్ యూనియన్ కజకిస్తాన్ మీద, 290 కిలోమీటర్ల ఎత్తున ఇలాంటి పరీక్షే చేసింది. బాంబు స్టార్‌ఫిష్‌లో నాలుగో వంతు కూడా లేదు. అయినా 570 కిలోమీటర్ల టెలిఫోన్ లైన్ మీద ఫ్యూజులన్నీ ఎగిరిపోయాయి. భూమిలో పాతిన దాదాపు వెయ్యి కిలోమీటర్ల విద్యుత్ కేబుల్ కూడా దెబ్బతింది. పాతిపెడితే చాలనుకునేవాళ్లకి ఇది చేదు కబురు.

ఈఎంపీ మూడు అలలుగా వస్తుంది. మొదటిది సెకనులో వందకోట్లో కొన్ని వంతుల్లోనే ఉవ్వెత్తున లేస్తుంది. రక్షణ ప్రమాణాల్లో దాని తీవ్రతను మీటరుకు 50,000 వోల్టులుగా లెక్కిస్తారు. చిప్పులకు శత్రువు ఇదే. రెండోది ఇంచుమించు పిడుగులాంటిది కాబట్టి పిడుగుల కోసం పెట్టిన రక్షణలే పనికొస్తాయి. మూడోది నెమ్మదిగా, నిమిషాల పాటు సాగుతుంది. పొడవాటి హైటెన్షన్ లైన్లలోకి ఎర్తింగ్ గుండా దాదాపు డీసీ లాంటి, అంటే ఒకే దిక్కున పారే కరెంటును ఎక్కిస్తుంది. దిక్కు మార్చుకుంటూ పారే ఏసీకి కట్టిన ట్రాన్స్‌ఫార్మర్‌కి అది పడదు. ఇనుప కోర్ ఇంకా అయస్కాంతత్వాన్ని పట్టలేనంతగా సంతృప్తమై, లోపల అక్కడక్కడా వేడెక్కి, వైండింగ్ మాడిపోయే ప్రమాదం ఉంది.

ఈ మూడో అలకి బాంబే అక్కర్లేదు, సూర్యుడు చాలు. 1989 మార్చి 13న సౌర తుఫాను, అంటే సూర్యుడి నుంచి ఎగసిపడ్డ విద్యుదావేశ కణాల ఉప్పెన, తాకినప్పుడు కెనడాలోని క్యుబెక్‌లో వోల్టేజీని నిలబెట్టే పరికరాలు వరసగా ట్రిప్ అయ్యాయి. ఒకటిన్నర నిమిషంలో గ్రిడ్ మొత్తం కుప్పకూలింది. 60 లక్షల మందికి దాదాపు తొమ్మిది గంటలు కరెంటు లేదు. సౌర తుఫానుల ఉధృతి ధ్రువాల వైపు ఎక్కువ, మన దగ్గర తక్కువ. బాంబు ఆ మినహాయింపు ఇవ్వదు. హొనొలులు ఉన్నది మన నాగపూర్ అక్షాంశం మీదే.

ఇక ఈఎంపీ నుంచి కాపాడుకోవడానికి ఫోన్లకి అల్యూమినియం ఫాయిల్ చుట్టమనే సలహాలు. సూత్రం తప్పు కాదు, సందులేని లోహపు పెట్టెలోకి తరంగం దూరదు. చిక్కల్లా ఆ సందులతోనే. ఫోను స్టీలు డబ్బాలో పెట్టి, మూత బిగించి, ఇంకో ఫోను నుంచి రింగ్ ఇచ్చి చూడండి. చాలాసార్లు మోగుతుంది. మూత అంచున మిగిలే సన్నని చీలికే దారి, దోమతెరకు ఒక్క చిరుగు చాలదూ! పైగా చేతిలో ఉన్న ఫోను చాలా చిన్న యాంటెనా, అది బతికే అవకాశాలే ఎక్కువ. చార్జర్‌కి తగిలించి ఉంటే మాత్రం వీధి తీగలన్నీ దానికి తోకలే. బతికిన ఫోనైనా టవర్ లేకపోతే, కరెంటు లేకపోతే ఏం చేసుకుంటాం? కాబట్టి ఇది ఇంటి సమస్య కన్నా ప్రభుత్వాల సమస్య.

అమెరికా దీనిపై 2001లో ఒక కమిషన్ వేసింది. అధ్యక్షుడి ఉత్తర్వు 2019లో గానీ రాలేదు! చేయాల్సినవి అంతుచిక్కనివేం కావు. ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎర్త్ చేసే న్యూట్రల్ కొసకి, భూమికి మధ్య డీసీని ఆపే కెపాసిటర్లు పెట్టొచ్చు. కంట్రోల్ గదులకు లోహపు కవచం తొడగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం అదనపు ట్రాన్స్‌ఫార్మర్లు. మన వీధి చివర కాలిపోయేదాన్ని లైన్‌మన్ ఒకటి రెండు రోజుల్లో మారుస్తాడు. 400 కేవీ సబ్‌స్టేషన్‌లోది వందల టన్నులు, ఆర్డరిస్తే చేతికి రావడానికి ఏడాది పైనే పడుతుంది.

2012 జులై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు పడిపోయినప్పుడు తెలుగునాట దీపాలు ఆరలేదు. దక్షిణ గ్రిడ్ అప్పటికి వేరుగా ఉండటమే కారణం. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ లైన్‌తో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. కరెంటు కొరతకి అది మేలే, కానీ తీగ ఇంకా పొడవైంది. అంతా ఆరిపోతే మళ్లీ మొదలుపెట్టాల్సింది జలవిద్యుత్ కేంద్రాల నుంచి. బొగ్గు కేంద్రం నడవాలంటే ముందు దాని పంపులకి, ఫ్యాన్లకే బోలెడు కరెంటు కావాలి. గేటెత్తితే తిరిగే టర్బైన్‌కి అంత అక్కర్లేదు. చీకట్లోంచి గ్రిడ్‌ని లేపే ఈ ‘బ్లాక్ స్టార్ట్’ కాగితం మీద రాసుకుంటే చాలదు, ఏటా చేసి చూడాలి.

శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన, సూర్యుణ్ని గమనించే ఉపగ్రహం ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో కాపలా కాస్తోంది. సౌర తుఫాను దాన్ని దాటాక ఇక్కడికి చేరడానికి సాధారణంగా ఒక గంటలోపే. ఆ కాస్త వ్యవధిలో ఏ లైన్ ఆపాలి, ఎక్కడ లోడ్ తగ్గించాలి అనేది ఎవరు చెప్పాలో ముందే తేలి ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు తుఫాను వస్తోందని రోజుల ముందే తెలుసు, జనాన్ని ముందే తరలించారు. అయినా కరెంటు పోయి, సెల్ సిగ్నళ్లు పోయి, ఊరు బయటి ప్రపంచానికి దూరమైంది. హుద్‌హుద్‌లో స్తంభాలు కూలాయి, ఈఎంపీలోనో సౌర తుఫానులోనో ట్రాన్స్‌ఫార్మర్లు మాడతాయి. టవర్ల బ్యాకప్‌కి, డీజిల్ నిల్వకి, ఔత్సాహికులు సొంతంగా నడిపే హ్యామ్ రేడియోలకి, ఆసుపత్రి జనరేటర్లకి ఆ తేడాతో పనిలేదు, రెంటికీ కావాల్సింది అవే.