నేల కింద ఏముందో పాత పటాలు చెబుతాయి

వాణిజ్య స్థలం కొనేవారు దస్తావేజులను ఒకటికి పదిసార్లు చదివిస్తారు. తాకట్టు ఉందా, కొలతలు సరిపోయాయా, అమ్మే హక్కు ఎవరికి ఉంది అని ఆరా తీస్తారు. నలభై ఏళ్ల క్రితం అక్కడ ఎవరు ఏ పని చేసేవారో మాత్రం చాలామంది అడగరు. అన్నిటికంటే ముందు అడగవలసింది అదేనని నా గట్టి నమ్మకం.

అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో హుకర్ కెమికల్ కంపెనీ 1942 నుంచి దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను లవ్ కెనాల్ అనే పాత కాలువలో పూడ్చింది. 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్థానిక విద్యా బోర్డుకు అమ్మింది. కింద వ్యర్థాలున్నాయని దస్తావేజులోనే రాసి ఉంది. అయినా అక్కడ బడి కట్టారు, చుట్టూ ఇళ్లు లేచాయి. 1978లో అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాక వందల కుటుంబాలు ఇళ్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. ఆ ఘటన ప్రభావంతోనే 1980లో, కలుషిత స్థలాలను శుద్ధి చేయించే సూపర్‌ఫండ్ చట్టం వచ్చింది. దాని ప్రకారం, విషం పోసింది తాను కాకపోయినా, నేటి యజమాని శుద్ధి ఖర్చు భరించవలసి రావచ్చు. కొనేముందే తగిన విచారణ జరిపించి, తర్వాత కూడా నియమాలు పాటించినవారికి 1986, 2002 సవరణలు రక్షణ కల్పించాయి.

ఆ విచారణలోని మొదటి దశలో ఎవరూ గుప్పెడు మట్టి కూడా తీయరు. ఇది విన్నవారికి వింతగా ఉంటుంది. బోరు రంధ్రం వెడల్పు కొన్ని అంగుళాలే. అది తన చుట్టూ ఉన్న కాస్త మట్టి సంగతే చెప్పగలదు. నాలుగు గజాల అవతల తుప్పు పట్టిన ట్యాంకు ఉన్నా దానికి తెలియదు. ఎక్కడ తవ్వాలో తెలియకుండా తవ్వితే, విషం ఉన్న స్థలానికి కూడా శుభ్రమన్న కితాబు దక్కుతుంది.

అందుకే పాత కాగితాలతో మొదలుపెడతారు. అమెరికా పట్టణాలకు శాన్‌బార్న్ కంపెనీ 1867 నుంచి గీసిన అగ్నిబీమా పటాలు ఇందుకు గొప్ప ఆధారం. ఇటుక కట్టడానికి గులాబీ రంగు, చెక్క కట్టడానికి పసుపు. ఏది అంటుకుంటుందో బీమా కంపెనీకి తెలియాలి కాబట్టి ఇంధన ట్యాంకులను కూడా గుర్తించారు. అప్పట్లో మంటకు భయపడి వేసిన గుర్తు ఈనాడు కాలుష్యం జాడ చెబుతోంది! వాటితోపాటు విమానాల నుంచి తీసిన పాత ఫొటోలు, ఏ చిరునామాలో ఏ దుకాణం ఉండేదో చెప్పే పట్టణ డైరెక్టరీలు చూస్తారు.

ఈ వెతుకులాటలో డ్రై క్లీనింగ్ దుకాణం పేరు కనబడితే పరిశీలకుడు అక్కడ ఆగిపోతాడు. ఆ దుకాణాల్లో బట్టల మురికి వదిలించడానికి దశాబ్దాలుగా వాడిన ద్రావకం పెర్‌క్లోరోఎథిలీన్. అది నీటికంటే 1.6 రెట్లు బరువు. పెట్రోలు భూగర్భ జలం మీద తేలుతుంది; ఇది ఆ జలాన్ని దాటి, బంకమట్టి పొర అడ్డుపడేదాకా దిగిపోతుంది. పైపై నీరు పట్టి పరీక్షిస్తే దొరకకపోవచ్చు. తాగునీటిలో దీనికి అమెరికా పెట్టిన పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. లెక్క వేసి చూడండి: ఒక్క లీటరు ద్రావకం పూర్తిగా కలిస్తే 32 కోట్ల లీటర్ల నీరు ఆ పరిమితిని చేరుతుంది. పైగా దాని ఆవిరి మట్టి సందుల్లోంచి పైకి పాకి, నేల పగుళ్ల గుండా గదుల్లోకి వస్తుంది. దుకాణం మూతపడి ఎన్నో ఏళ్లయినా, ఆ గదిలో కూర్చునేవారు ఆ గాలే పీలుస్తారు. నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది ఇదే.

కాగితాల తర్వాత కాలినడక. వెనుక గోడ వెంట పైకి లేచిన సన్నటి ఇనుప గొట్టం ఒకటి కనిపిస్తుంది. అది ఏ గదిలోంచీ రాదు, నేలలోంచి వస్తుంది. దాని ముందు తారు దీర్ఘచతురస్రంగా కొత్త రంగులో ఉంటుంది. ఆ గొట్టం భూగర్భ ట్యాంకు ఊపిరి తీసుకునేది కావచ్చు; ఆ అతుకు ట్యాంకును తీసేసిన చోటు కావచ్చు, లేదా ట్యాంకు ఇంకా కిందే ఉండవచ్చు. పొరుగు స్థలాలనూ చూడాలి, భూగర్భ జలానికి సరిహద్దు గోడలు లేవు. చివరగా, అక్కడ ఏళ్ల తరబడి పనిచేసినవారిని కూర్చోబెట్టి మాట్లాడాలి. వాడేసిన నూనె ఎక్కడ పారబోసేవారో ఏ పటంలోనూ ఉండదు, వారికి మాత్రం గుర్తుంటుంది.

అనుమానం నిలిస్తే రెండో దశలో డ్రిల్లింగ్ యంత్రం వస్తుంది. మొదటి బోరు ఆ గొట్టం పక్కనే వేస్తారు.